లింక్ రాడ్లు మారిస్తే ఘాటీలో కారు ఒరగడం తగ్గుతుందా?

ప్రశ్న: మాది కొరాపుట్ జిల్లా సెమిలిగుడ. కారు 2016 మోడల్ స్విఫ్ట్ డీజిల్, 94 వేల కిలోమీటర్లు తిరిగింది. నెలకు మూడు నాలుగు సార్లు పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు ఘాటీ దిగి విజయనగరం వెళ్లొస్తాం. ఆరు నెలలుగా మలుపుల్లో కారు బాగా ఒరుగుతోంది. స్పీడ్ బ్రేకర్ నేరుగా ఎక్కిస్తే ఏ చప్పుడూ లేదు గాని, ఒక పక్క చక్రం గుంతలో దిగితే ముందు ఎడమవైపు టకటకమంటోంది. మిస్త్రీ చూసి లింక్ రాడ్లు పోయాయన్నాడు. ఎలాగూ మారుస్తున్నాం కదా అని ఆన్‌లైన్‌లో వెతికితే, పొడవు సర్దుకునే అల్యూమినియం లింకులు, రోజ్ జాయింట్లతో, ముందూ వెనకా కలిపి నాలుగింటి సెట్టు దొరికింది. వీటితో హ్యాండ్లింగ్ బాగా మెరుగవుతుందని అక్కడ రాశారు. మా మిస్త్రీ అలాంటివి ఎప్పుడూ బిగించలేదట. కొనమంటారా?

సమాధానం: వద్దు. మొదటి కారణం చాలా చిన్నది. మీ కారుకు వెనక లింక్ రాడ్లే ఉండవు. స్విఫ్ట్ వెనక చక్రాలు రెండూ ఒకే టోర్షన్ బీమ్‌కి బిగించి ఉంటాయి. కారు ఒరిగినప్పుడు ఆ బీమే మెలిపడి, ఒరుగుడును తగ్గించే స్టెబిలైజర్ పని కూడా చేస్తుంది. కాబట్టి ఆ నాలుగింట్లో రెండు మీ ఇంట్లో అటక మీదికే. కారు మోడల్ చూడకుండా ముందూ వెనకా కలిపి అమ్మేవాళ్లు మిగతా రెండింటి కొలతలు మాత్రం సరిచూసి పంపుతారా అన్నది మీరే ఆలోచించండి.

రెండో కారణానికి కొంచెం లోపలికి వెళ్లాలి. ముందు రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, అదే స్టెబిలైజర్ బార్. దాని మధ్య భాగాన్ని డీ బుష్‌లనే రెండు రబ్బరు దిమ్మలు ఛాసిస్‌కి పట్టి ఉంచుతాయి. రెండు కొసలనూ చెరో స్ట్రట్‌కి, అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే నిలువు గొట్టానికి, కలిపే పొట్టి కడ్డీ లింక్ రాడ్. ఎడమ మలుపులో కారు బరువు కుడివైపు పడి కుడి స్ప్రింగ్ అణుగుతుంది, ఎడమది సాగుతుంది. అప్పుడు బార్ మెలిపడి ఆ తేడాను తగ్గించాలని చూస్తుంది. అంటే ఒరగకుండా ఆపేది బార్, ఆ బలాన్ని చక్రం దాకా చేరవేసేది లింక్. లింక్ ఎంత ఖరీదైనదైనా బార్ ఇచ్చే బలాన్ని పెంచలేదు. లూజుగా ఉంటే చేరడం ఆలస్యం చేస్తుంది, అంతే. నూతికి ఉన్న నీళ్లే ఉంటాయి, చేంతాడు మార్చినంత మాత్రాన ఊట పెరగదు కదా.

మీ ఉత్తరంలో అసలు ఆధారం స్పీడ్ బ్రేకర్ మాట. దాన్ని నేరుగా ఎక్కించినప్పుడు రెండు చక్రాలూ కలిసి లేస్తాయి, బార్ మొత్తంగా పైకి తిరుగుతుంది గాని మెలిపడదు, లింక్ మీద పెద్దగా బలం పడదు. ఒక్క చక్రమే గుంతలో దిగితే బార్ మెలిపడుతుంది, లింక్‌ను ఒకసారి లాగి ఒకసారి తోస్తుంది. లింక్ కొసన ఉండే బాల్ జాయింట్ అరిగితే ఆ లాగుడూ తోపుడూ మారే క్షణంలో టక్కుమంటుంది. స్పీడ్ బ్రేకర్‌ను 10 కిలోమీటర్ల వేగంతో ఐమూలగా ఎక్కించి చూడండి. అప్పుడు కూడా ఎడమవైపు చప్పుడొస్తే అనుమానం లింక్ మీదో డీ బుష్ మీదో పెట్టుకోవచ్చు. కారు నిలబెట్టి స్టీరింగ్ తిప్పినప్పుడు పైనుంచి కటుక్కుమంటే అది స్ట్రట్ మౌంట్ సంగతి. బ్రేకు వేసినప్పుడో వదిలినప్పుడో ఒక్క దెబ్బలా వినిపిస్తే లోయర్ ఆర్మ్ బుష్‌లు చూడాలి.

పరీక్ష చేసే తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే చాలాచోట్ల జాకీ వేసి చక్రం వేలాడదీసి లింక్‌ను ఊపి "బాగానే ఉంది" అనేస్తారు. ఒక్క చక్రాన్నే లేపితే బార్ మెలిపడి లింక్‌ను బిగబట్టి ఉంచుతుంది, ఉన్న లూజు కూడా చేతికి తెలియదు. కారును పిట్ మీదికో ర్యాంప్ మీదికో ఎక్కించి నాలుగు చక్రాలూ బరువు మీద ఉండగా చూడాలి. బాల్ జాయింట్ రబ్బరు బూటును రెండు వేళ్లతో పట్టుకోండి, ఇంకొకరు బార్ కొసను టైర్ లివర్‌తో మెల్లగా పైకీ కిందికీ ఆడించాలి. లూజు ఉంటే వేళ్ల కింద చిన్న అదురు తెలుస్తుంది. బూటు చిరిగి, గ్రీజు ఎర్రమట్టితో కలిసి ఇటుకపొడి ముద్దలా అంటుకుని ఉంటే ఇక ఊపి చూడక్కర్లేదు. మీ వైపు వేసవి దుమ్ము, ఆ వెంటనే నాలుగు నెలల వాన. చిరిగిన బూటులోకి ముందు మట్టి చేరుతుంది, తర్వాత నీళ్లు చేరతాయి. రెండూ కలిస్తే సాన పెట్టినట్టే.

ఇప్పుడు ఒరగడం గురించి. చప్పుడూ ఒరుగుడూ ఒకే చోటి నుంచి వస్తున్నాయని మీరూ మిస్త్రీ అనుకుంటున్నారు. లింక్ జాయింట్‌లో ఒకటి రెండు మిల్లీమీటర్ల లూజు ఉంటే చప్పుడొస్తుంది, మలుపు మొదట్లో స్టీరింగ్ కొంచెం మందంగా అనిపిస్తుంది. "బాగా ఒరుగుతోంది" అనేంత తేడా ఆ లూజుతో రాదు. ఒక లింక్ పూర్తిగా తెగిపోతే వస్తుంది. ఒక కొస వదులైతే బార్‌కి మెలిపడే ఆధారమే ఉండదు, కాబట్టి ఒక పక్క తెగినా రెండు పక్కలా బార్ చచ్చినట్టే. ముందు అది తెగలేదని చూసుకోండి. తెగకపోతే మిగతావి వెతకాలి.

94 వేల కిలోమీటర్లలో స్ట్రట్లు ఒకసారైనా మార్చారో లేదో మీరు రాయలేదు. మార్చకపోతే మొదటి అనుమానం వాటి మీదే. అయితే ఒక తేడా గమనించండి. పొడుగాటి మలుపులో వేగం స్థిరంగా ఉన్నప్పుడు కారు ఎంత ఒరిగి నిలుస్తుందన్నది స్ప్రింగులూ బార్ చేతిలో ఉంటుంది. ఎంత తొందరగా ఒరుగుతుంది, ఎడమ మలుపు నుంచి కుడి మలుపుకి మారేటప్పుడు ఎంత ఊగుతుంది అన్నది షాక్ అబ్జార్బర్ చేతిలో ఉంటుంది. ఘాటీలో ఒక వంపు అయ్యీకాకముందే ఇంకోటి వస్తుంది గనుక షాక్‌లు నీరసించిన కారు అక్కడ ఊయలలా అనిపిస్తుంది. స్ట్రట్ గొట్టం మీద నూనె తడి, దాని మీద దుమ్ము పేరుకున్న చార కనిపిస్తే అది లీకు. టైరు తడిమి చూడండి, అంచు పొడవునా ఎగుడుదిగుడుగా తినేసి ఉంటే అదీ షాక్ గుర్తే. బానెట్ నొక్కి వదిలి చూసే పరీక్ష పూర్తిగా పోయిన షాక్‌నే పట్టిస్తుంది, సగం పోయినదాన్ని పట్టివ్వదు. ఇవన్నీ చూసే ముందు టైర్ల గాలి. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఎంతుందో అంత, టైరు చల్లగా ఉన్నప్పుడు. గాలి తక్కువైతే టైరు పక్కగోడ వంగుతుంది, అదీ ఒరుగుడులాగే అనిపిస్తుంది. ఖర్చు లేని మరమ్మతు గనుక దీన్ని ఎవరూ పట్టించుకోరు.

ఇక ఏ లింక్ కొనాలి. మీ పనికి కంపెనీ కొలతలోనే ఉండే, మూసిన బాల్ జాయింట్, రబ్బరు బూటు ఉన్న లింకులు రెండు చాలు. మారుతి జెన్యూన్ అయినా సరే, టీఆర్‌డబ్ల్యూ, లెమ్‌ఫర్డర్, రాణే లాంటి సస్పెన్షన్ సామాన్లలో పేరున్నవాళ్లు మీ మోడల్‌కి చేసినదైనా సరే. మీరు చూసిన రోజ్ జాయింట్ రేసు కార్ల సామాను. అందులో రబ్బరు లేదు, బూటు లేదు, ఉక్కు గోళం గట్టి గిన్నెలో తిరుగుతుంది. లూజు సున్నా, స్పందన చురుగ్గా ఉంటుంది, నిజమే. కాని అది ప్రతి కొన్ని రేసులకీ విప్పి తుడిచి మార్చేవాళ్ల కోసం. సుంకి దారిలో ఒక వర్షాకాలం తిరిగితే అదే జాయింట్ మీ పాత లింక్ కన్నా గట్టిగా మోగుతుంది. అల్యూమినియం గొట్టంలో ఉక్కు మరలు కూడా మీకు అనుకూలం కావు. తడి తగిలితే ఆ రెండు లోహాల మధ్య తెల్లటి తుప్పు పట్టి మరలు అతుక్కుపోతాయి, తర్వాత పొడవు సర్దుకోవడం మాట అటుంచి విప్పడమే కష్టం. పాలీయూరిథేన్ బుష్‌లు రబ్బరు కన్నా గట్టివి, మన్నుతాయి, కాని సిలికోన్ గ్రీజు ఎండిపోగానే కిర్రుమంటాయి.

గ్రీజు నిపిల్ ఉన్న లింకులు దొరికితే తీసుకోవచ్చు. లారీలకు పేరున్న సాలూరు పక్కనే ఉంది గనుక గ్రీజు గన్ పట్టేవాళ్లకు కొదవ లేదు. ఒక్కటే జాగ్రత్త. లారీ కింగ్ పిన్‌కి కొట్టినట్టు పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొడితే ఈ చిన్న బూటు పగులుతుంది. బూటు కొంచెం ఉబ్బగానే ఆపాలి.

కొనే ముందు పాతదాన్ని విప్పి కొలవండి, లేదా కారు మీదే కొలవండి. ఒక జాయింట్ నడుమ నుంచి ఇంకో జాయింట్ నడుమకు పొడవు, పిన్ను మరల సైజు, రెండు పిన్నులూ ఒకేవైపు చూస్తున్నాయా ఎదురెదురుగానా. ఈ మూడూ కలవాలి. కొన్ని కార్లకు ఎడమ కుడి లింకులు వేరు, కాబట్టి డబ్బా మీద ఏ పక్కో రాసి ఉంటే చూసి తీసుకోండి. కొత్త లింక్ చేతిలోకి రాగానే పిన్నును బొటనవేలితో వంచి చూడండి. బిగుతుగా, మెల్లగా, ఎక్కడా ఆగకుండా తిరగాలి. దాని బరువుకే అది వాలిపోతే కొత్తగానే లూజు. ఒకచోట గరుకుగా ఆగితే లోపలి గిన్నె బాగోలేదు. బూటు అడుగు రింగు గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో గోరుతో చుట్టూ తడమండి. నకిలీ సామాను ఎక్కువగా దొరికిపోయేది అక్కడే. ఎర్ర పెయింటు, క్రోమ్ మెరుపు చూసి అదనంగా ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. నైలాన్ ఒళ్లున్న లింక్ చూసి తక్కువరకం అనీ అనుకోవద్దు, కొన్ని కార్లకు కంపెనీ నుంచే అవి వస్తాయి.

రెండు పక్కలా ఒకేసారి మార్చండి. డీ బుష్‌లు కూడా అదే పూట. అవి వదులైతే బార్ పక్కకు జరిగి కొత్త లింకుల్ని వంకరగా లాగుతుంది, చప్పుడు కూడా పూర్తిగా పోదు. డీ బుష్‌కి మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, సబ్బునీళ్లు చాలు.

బిగించే పనిలోనే ఎక్కువ లింకులు పాడవుతాయి. ముందు రోజు సాయంత్రమే పాత నట్లకు తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి. కారు చదునైన చోట నిలిపి, ముందు రెండు చక్రాలనూ ఒకేసారి లేపి, రెండు పక్కలా స్టాండ్లు పెట్టాలి. జాకీ మీద మాత్రమే నిలిపి కిందికి దూరొద్దు. రెండూ ఒకే ఎత్తులో ఉంటే బార్ మెలిపడదు, పిన్ను రంధ్రంలోంచి సులువుగా వస్తుంది. ఒక పక్కే లేపి సుత్తితో కొట్టేవాళ్లను చూస్తుంటాం, ఆ దెబ్బలన్నీ కొత్త పిన్ను మరల మీద పడతాయి.

పిన్ను కొసన షడ్భుజి గాడి ఉంటుంది, 5 లేదా 6 మిల్లీమీటర్ల అలెన్ కీ పడుతుంది. కొన్నింటికి బూటు వెనక పానా పట్టే చదును ఉంటుంది. పిన్నును దాంతో ఆపి, నట్టును రింగ్ పానాతో తిప్పాలి. ఇంపాక్ట్ గన్ పెట్టి లాగించేస్తే పిన్నుతో పాటు గోళం లోపల గిర్రున తిరిగి వేడెక్కుతుంది, బూటు మెలిపడి చిరుగుతుంది. అలా బిగించిన లింక్ రెండు నెలల్లో మోగితే నేరం లింక్‌ది కాదు. పాత నట్టు కదలకపోతే కోసేయడమే మేలు. గ్రైండర్ వాడితే స్ట్రట్‌కి పట్టి ఉన్న బ్రేక్ హోస్‌నీ ఏబీఎస్ వైరునీ తడిబట్టతో చుట్టి కప్పండి. అక్కడ పడిన ఒక్క నిప్పురవ్వకు అయ్యే ఖర్చు నాలుగు లింకులకు సమానం.

నైలాక్ నట్లు పాతవి వాడొద్దు, లోపలి నైలాన్ ఒకసారికే పట్టు ఇస్తుంది. ఈ తరహా చిన్న కార్లకు బిగింపు సాధారణంగా 50 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకె అడిగి అదే వాడండి. టార్క్ రెంచ్ లేకపోతే, 25 సెంటీమీటర్ల పానా కొసన 20 కిలోల బరువు వేలాడినంత బలం అంటే అదే లెక్క. మోకాలు మోపి లాగితే దానికి రెండింతలు అవుతుంది, పిన్ను మరలు సాగిపోతాయి.

పనయ్యాక అలైన్‌మెంట్ చేయించాలంటారు. లింక్ చక్రం కోణాన్ని పట్టి ఉంచదు, అది మారిస్తే అలైన్‌మెంట్ మారదు. స్ట్రట్ విప్పితేనో, టై రాడ్ ఎండ్ మారిస్తేనో మాత్రం తప్పనిసరి. అందుకే స్ట్రట్లు మార్చే ఆలోచన ఉంటే రెండు పనులూ ఒకేసారి పెట్టుకోండి, అలైన్‌మెంట్ ఖర్చూ కూలీ ఒక్కసారితో పోతాయి.

పొడవు సర్దుకునే లింకులు అసలు ఎందుకూ పనికిరావని కాదు. కారు ఎత్తు తగ్గించినా పెంచినా బార్ చేతులు ఉండాల్సిన చోటు నుంచి వాలిపోతాయి, అప్పుడు లింక్ పొడవు మార్చి వాటిని తిరిగి సరిచేయాలి. బార్ మార్చినప్పుడూ అంతే. మీ పక్కింటి జీపుకో లిఫ్ట్ చేసిన బొలెరోకో ఎవరైనా అడిగితే చెప్పడానికి పద్ధతి ఇది. కారు చదునులో, చక్రాల మీద బరువుతో, డ్రైవర్ సీటులో మనిషంత బరువు పెట్టి, ఒక పక్క లింక్ పూర్తిగా బిగించాలి. రెండో పక్క లింక్‌ను పొడవు తిప్పుతూ, పిన్ను చేతివేళ్లతో నెడితే రంధ్రంలో దూరేదాకా సర్దాలి. బలవంతంగా దూర్చాల్సి వస్తే బార్ నిలబడి ఉండగానే మెలిపడి ఉందన్నమాట, అప్పుడు ఎడమ మలుపు ఒకలా కుడి మలుపు ఒకలా తిరుగుతుంది. మరలు గొట్టంలోకి కనీసం వ్యాసానికి ఒకటిన్నర రెట్లు దిగాలి, 12 మిల్లీమీటర్ల మరకు 18 మిల్లీమీటర్లు. రెండు కొసలా సమానంగా దిగాలి. తర్వాత రెండు జాయింట్లూ తమ తిరుగుడు మధ్యలో నిలిచేలా పట్టుకుని లాక్ నట్లు బిగించాలి, లేకపోతే చక్రం పూర్తిగా వేలాడినప్పుడు జాయింట్ అంచుకు తగిలి పిన్ను విరుగుతుంది. మొదటి 200 కిలోమీటర్ల తర్వాత లాక్ నట్లు మళ్లీ చూడాలి, అవి వదలడం మామూలే. పొడవు చాలలేదని పాత లింక్‌ను కోసి మధ్యలో ముక్క వెల్డింగ్ చేయించడం మాత్రం ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దు.

లింక్ కాదు, బార్‌నే లావుది వేయిద్దామని ఎవరైనా సలహా ఇస్తే లెక్క చూడండి. బార్ గట్టిదనం వ్యాసానికి నాలుగో ఘాతంతో పెరుగుతుంది. లోపల బోలు లేని 22 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 24 వేస్తే పెరిగేది 2 మిల్లీమీటర్లే, గట్టిదనం మాత్రం 40 శాతం పైన. ముందు చక్రాలతో నడిచే మీ కారుకు ముందు అంత గట్టి బార్ వేస్తే కారు ఒరగడం తగ్గుతుంది గాని, తడి మలుపులో స్టీరింగ్ తిప్పినా ముందు భాగం తిన్నగా పోవాలని చూస్తుంది. హెయిర్‌పిన్ మలుపులో ఎక్కేటప్పుడు లోపలి చక్రం మీద బరువు తగ్గి, ఆక్సిలేటర్ నొక్కితే అది ఉత్తినే తిరుగుతుంది. పైగా ఒక చక్రం గుంతలో పడితే ఆ దెబ్బ రెండో చక్రానికీ పాకుతుంది. జూలై, ఆగస్టుల్లో పొట్టంగి పక్క దేవమాలి కొండ మీంచి దిగే మంచులో, రాళ్లు కొట్టుకొచ్చిన రోడ్డు మీద ఇవేవీ మీకు అక్కర్లేని గుణాలు.

విడిభాగాలు వచ్చేలోపు ఘాటీ దిగాల్సి వస్తే, లింక్ తెగిపోయినా చక్రం ఊడిపోదు, ఆ భయం వద్దు. కాని వేలాడే ముక్క బ్రేక్ హోస్‌కో టైరుకో రాసుకుంటుంది. రెండు లింకులూ విప్పి, బార్ కొసల్ని దేనికీ తగలకుండా తీగతో కట్టి, మామూలు వేగంలో సగానికి దిగండి. దారిలో ఆ టకటక పూర్తిగా మాయమైతే మీ మిస్త్రీ చెప్పింది నిజమే, దోషం లింకులోనో డీ బుష్‌లోనో ఉంది. అప్పుడూ వినిపిస్తుంటే లింకులు కొనకముందే, చక్రాన్ని కింది ఆర్మ్‌కి పట్టి ఉంచే లోయర్ బాల్ జాయింట్ చూపించండి, అది ఊడితే చక్రమే పక్కకు పడిపోతుంది.